పంటి కింది పెదవి

ఫిబ్రవరి 9, 1949. సూర్యాపేట

సుగుణ కింది పెదవి లోపల ఒక బుడగ లేచింది. అన్నం తినిపిస్తుంటే కనబడింది. ఉడికిన సగ్గుబియ్యం గింజలా ఉంది, కొంచెం నీలంగా. నొప్పి లేదంటుంది. వేలితో ముట్టుకుంటే మెత్తగా జారుతోంది.

వేడి చేసి ఉంటుంది. సబ్జా గింజలు నానబెట్టాను.

ఫిబ్రవరి 13

బుడగ పగిలిందట. జిగటగా నీళ్ళు వచ్చాయంది. పీడ పోయింది. ఇవాళ బళ్ళో ఒక్క పిల్లకూ ఏడో ఎక్కం రాలేదు. అందరినీ నిలబెట్టాను, నాకూ కాళ్ళు లాగాయి.

ఫిబ్రవరి 20

మళ్ళీ వచ్చింది. అక్కడే, ఇంకా పెద్దది.

పొరుగింటి బక్కమ్మ చూసింది. "కన్నతల్లి ఉంటె ఈపాటికి దవాఖానకు కొంటవోతుండె" అని నాతో అనలేదు. గోడ అవతల కోడలితో అంది, నాకు వినబడేంత గట్టిగా. సుగుణ వాళ్ళమ్మ పోయాక ఈ ఇంటికి వచ్చాను. అప్పటినుంచి ఈ పిల్లకు తల దువ్వుతున్నాను, పక్కలో పడుకోబెట్టుకుంటున్నాను. ఇప్పుడు ఆరేళ్ళు దానికి. అయినా వాడకట్టులో నా పేరు సవతి తల్లే. సరే, వెళ్తాను. మిర్యాలగూడలో అబ్రహాం గారనే డాక్టరు పిల్లల నోటి జబ్బులు బాగా చూస్తాడట. బస్సులో అక్కడికే తీసుకుపోతాను. అప్పుడు బక్కమ్మ ఏమంటుందో చూస్తాను.

ఫిబ్రవరి 24

డాక్టరు అబ్రహాం గారిది కొంచెం చిరాకు మనిషి వాలకం. పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, పెదవి బయటికి మడిచి, బొటనవేలితో అదిమి చూశాడు. నేను కత్తి అనే మాట ఎత్తీ ఎత్తకముందే అందుకున్నాడు.

"కత్తి దేనికమ్మా? ఇది చెడ్డ గడ్డ గాదు. పెదవి లోపల సన్నటి ఉమ్మి గొట్టాలుంటయ్. పంటి కింద పడి ఒకటి చితికింది. ఉమ్మి బయటికి రాక గాడనే బుడగ కట్టింది. నేను కోస్త, బాగనే పోతది. పిల్ల కొరుకుడు మానకపోతె పక్కన ఇంకోటి లేస్తది. మళ్ళ కొయ్యాల్నా?"

"మరి మందు?"

"గోరువెచ్చటి ఉప్పునీళ్ళతోటి పుక్కిలియ్యనీ. కారం తగ్గియ్యి. అసలు మందు ఒకటే, పెదవి పళ్ళ కిందికి పోవద్దు. పిల్లను మాట్లాడనియ్యి. పాటలు పాడనియ్యి. మాట్లాడే పిల్ల పెదవి కొరుక్కోదు. కొన్ని నెలల్ల దానంతట అదే పోతది, చాన మంది పిల్లలకు పోతది." చేతులు కడుక్కుంటూ మామూలుగా అడిగాడు. "ఎప్పటి సంది కొరుకుతుంది?"

"తెలియదండీ" అన్నాను.

సుగుణ నా వైపు చూసింది.

ఫిబ్రవరి 25

తెలియదు అన్నాను. తెలుసు.

నిరుడు ఎండాకాలం రజాకార్ల గొడవలో పేట విడిచి బండి మీద కోదాడకు, మా అమ్మ దగ్గరికి బయలుదేరాం. మా ఆయన సంఘంలో చేరి దళంతో తిరుగుతున్నాడు. ఆయన పేరు ఇందులో రాయను. దారిలో ఎవరైనా ఆపి మీ నాయన ఏడని అడిగితే ఈ పిల్ల చెప్పేస్తుంది, పిల్ల కదా. అందుకే నేర్పాను. "ఎవలన్న అడిగితె పెదవి పళ్ళ కింద పెట్టుకో. గట్టిగ పట్టుకో. మాట బయటికి రాదు." ఆటలాగే నేర్పాను. నేను నా పెదవి మీద వేలు పెడితే అదే గుర్తు. నిజంగానే ఆపారు. పిల్ల ముందు వంగి బుజ్జగించి అడిగారు. సుగుణ ఒక్క మాట అనలేదు. బండి కదిలాక చూస్తే పెదవి మీద రక్తం. నా బంగారు తల్లి అని బెల్లం ముక్క పెట్టాను.

పోలీసు చర్య అయింది, రజాకార్లు పోయారు, అందరూ ఇళ్ళకు వచ్చారు. ఆయన రాలేదు. ఇప్పుడు మిలిటరీ వాళ్ళు సంఘం వాళ్ళ కోసం అడవులు గాలిస్తున్నారు. అడిగేవాళ్ళు మారారు గానీ ప్రశ్న మారలేదు.

అందుకని ఆట ఆపమని నేను చెప్పలేదు.

మార్చి 2

చెప్పాను. అంటే, చెప్పబోయాను. "ఇగ పెదవి కొరకకు సుగుణా."

"మరి నాయిన గురించి అడిగితె?"

"అడిగినా చెప్పొద్దు. కొరకొద్దు కూడ."

"కొరకకపోతె మాట అస్తది సిన్నమ్మా" అంది.

మార్చి 6

సంత రోజు. ఆయన వచ్చాడు. మిరపకాయ బండ్లతో పాటు, తలకు రుమాలు చుట్టుకుని, బండి తోలే మనిషిలా గంజ్‌కు వస్తాడు. సరుకు దించాక నీళ్ళు తాగడానికన్నట్టు మా వాకిట్లోకి వస్తాడు. ఎండ మాడిపోయే వేళ, వీధిలో అందరూ ఉన్నప్పుడే. అలా అయితేనే అనుమానం రాదంటాడు.

బక్కచిక్కిపోయాడు. దగ్గు. అంబలి తాగుతూ సుగుణను చూశాడు.

"పెదవికేమైంది?"

"వేడి" అన్నాను.

"దాని నోరు పైలం. మా అందరి పానాలు దాని నోట్లనే ఉన్నయ్."

సుగుణ తండ్రి ముందు కూర్చుని కూడా పెదవి పంటి కిందే పెట్టుకుంది. మాట్లాడటానికి ఏమీ లేదు కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సులువో.

మార్చి 15

బుడగ శనగగింజంత అయింది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. నేను చేయవలసిందంతా చేస్తున్నాను.

మార్చి 20

వేములపల్లి నుంచి సుగుణ అమ్మమ్మ వెంకటనర్సమ్మ వచ్చింది, పచ్చి పెసరకాయలు ఒడిలో పోసుకుని. మనవరాలి పెదవి చూసి గుండె బాదుకుంది.

"ఉప్పునీళ్ళా? గదేం మందు బిడ్డా? మా ఊర్ల ఐలయ్య పసుపుకొమ్ము కాల్చి సురుకు పెడితె మళ్ళ లేసుడు ఉండదు. నా బిడ్డకు గిట్లనే నాలిక మీద లేస్తె ఆయనే పెట్టిండు."

డాక్టరు వద్దన్నాడని చెప్పాను.

"ఆ డాక్టరు ఏం జెయ్యమన్నడు మరి?"

మాట్లాడనివ్వమన్నాడు అని చెప్పాలి. నోట్లోనే ఉండిపోయింది.

మార్చి 27. వేములపల్లి

అయిపోయింది. తల నేనే పట్టుకున్నాను.

మార్చి 28

చురక పెట్టించడం మా వైపు కొత్తేమీ కాదు. నాకూ చిన్నప్పుడు పొట్ట మీద పెట్టారు. బక్కమ్మ ముగ్గురు పిల్లలకూ పెట్టించింది. వెంకటనర్సమ్మ అడిగింది, ఆమె కన్నబిడ్డ బిడ్డ, ఆమె మాట కాదంటే రేపు నన్నే అంటారు. నేను వద్దని గట్టిగా అంటే వినేదే. వినేదేమో.

ఐలయ్య చెడ్డవాడు కాడు. పెట్టేముందు చెయ్యి వణకకూడదని దేవుడికి మొక్కాడు. "పిల్ల కదలొద్దు బిడ్డా, మంచిగ పట్టు" అన్నాడు. పట్టుకున్నాను. కాల్చిన పసుపు వాసన, వెంటనే ఇంకో వాసన.

సుగుణ ఏడవలేదు. కళ్ళు నా మీదే పెట్టుకుని ఉంది. ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవకుండా ఉండటం ఎవరు నేర్పారో నాకు తెలుసు.

మార్చి 29

పెదవి వాచి గడ్డం మీదికి వేలాడుతోంది. గంజి కూడా పోవడం లేదు. ఒళ్ళు కాలుతోంది.

మార్చి 31. మిర్యాలగూడ

డాక్టరు గారు చూసి తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. పుండు కడిగి, ఊదారంగు మందు పూసి, చల్లని పాలు చెంచాతో పట్టించమన్నాడు. తర్వాత పిల్లను బయట అరుగు మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు.

"నా దగ్గర కాస్టిక్ పుల్ల ఉండె. కాల్చుడే అయితె నేనే కాల్చెటోణ్ణి గద? ఎందుకు పెట్టలే? ఆరేండ్ల పిల్ల, అక్కరలేదని పెట్టలే. నీకు చదువొచ్చు. పంతులమ్మవు. నేను చెప్పింది అర్థంగాక చేసినవా, అర్థమయ్యి చేసినవా?"

డాక్టరు వేళ్ళకంటిన ఊదారంగు మరక చూస్తూ నిలబడ్డాను.

"పుండు మానుతది. మచ్చ పడొచ్చు. బుడగ మాత్రం పక్కన మళ్ళ లేస్తది, సూస్తుండు. ఆ పిల్లది అలవాటు గాదమ్మా. ఏదో ఆపుకుంటుంది. ఎవరో ఆపుకొమ్మన్నరు."

అప్పుడు గమనించాను, నా పెదవి నా పళ్ళ కింద ఉంది. డాక్టరు కూడా గమనించాడు. ముఖం తిప్పుకుని, "పేట కాకుండ ఇంకెక్కడన్న ఉండనీకె మీకు చోటుందా?" అని మాత్రం అడిగాడు.

అర్థమయ్యే చేశాను. ఇక్కడైనా రాయాలి. పిల్లను మాట్లాడనివ్వడం కంటే పిల్లను కాల్చడం నాకు సులువనిపించింది. నా కడుపున పుట్టినదైతే పట్టుకుని ఉండేదాన్నా? బక్కమ్మను అడగాలి.

ఏప్రిల్ 17. కోదాడ

బడికి సెలవులు ఇవ్వగానే మా అమ్మ దగ్గరికి వచ్చేశాం. జ్వరం పోయింది. పుండు ఎండుతోంది. డాక్టరు చెప్పినట్టే పక్కన చిన్న బుడగ లేచింది.

ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఆ మాటే చెప్పాను సుగుణకు. "గీడ ఎంతన్న మాట్లాడు. నేను వేలు పెట్ట." నమ్మలేదు. నా చేతులకేసి చూస్తూ కూర్చుంటుంది, ఎప్పుడు పైకి లేస్తాయోనని. నేను చేతులు కొంగులో చుట్టుకుని తిరుగుతున్నాను. మా అమ్మ పద్మమ్మ "చలేస్తోందా ఏంటే, ఈ ఎండల్లో" అంది.

ఏప్రిల్ 26

దూడతో మాట్లాడుతోంది. తలుపు చాటు నుంచి విన్నాను. దూడకు ఎక్కాలు చెబుతోంది. ఏడో ఎక్కం తప్పుల్లేకుండా వచ్చింది.

మే 8

ఇప్పుడు అందరితోనూ మాట్లాడుతోంది. పాలు పోయించుకునేవాళ్ళతో, గాజులమ్మే ఆమెతో, కాకులతో. మా అమ్మకు చెవులు నొప్పులు పుడుతున్నాయి.

"ఏం తిన్నదే ఈ పిల్ల, పొద్దున లేచింది మొదలు నోరు మూతపడట్లేదు. నా చిన్నప్పుడు ఇట్టా మాట్లాడితే మా నాయనమ్మ వాత పెట్టేది" అని, నా ముఖం చూసి నాలుక కరుచుకుంది.

పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు. పుక్కిలించి పెదవి తనే మడిచి చూపిస్తుంది. బుడగ తగ్గుతున్నట్టే ఉంది. నాకలా కనబడుతోందేమో.

మే 29

పోయింది. వేలితో తడిమి చూశాను. ఎక్కడా లేదు. నున్నగా ఉంది, కాలిన చోట మాత్రం తెల్లటి మచ్చ. కత్తి లేదు, కాస్టిక్ లేదు. ఇన్ని మాటలు లోపల పెట్టుకుని తిరిగిందా ఈ పిల్ల?

సంతోషంగా ఉంది. ఏడుపు వస్తోంది. బడి తెరుస్తారు, పేటకు వెళ్ళాలి.

జూన్ 7. సూర్యాపేట

కొత్త పాఠం నేర్పుతున్నాను. ఎవరైనా నాయన గురించి అడిగితే "నాకు తెల్వదు" అనాలి, పెదవి కొరకనక్కరలేదు.

"తెలుసు గద?" అంది.

"తెలిసినా తెల్వదనాలె."

"డాక్టర్ దగ్గర నువ్వన్నట్టా?"

పాఠం అక్కడితో ఆపేశాను.

జూన్ 12

సంత. ఆయన వచ్చాడు. రుమాలు కింద ముఖం పసుపుపచ్చగా ఉంది. తమతో ఉన్న ఇద్దరిని పోయిన వారం అడవిలో కాల్చేశారని చెప్పాడు, అంబలిలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా.

సుగుణ తండ్రి మోకాలి మీదెక్కి కోదాడ దూడ కథంతా చెప్పింది. ఆయన నవ్వాడు. ఎన్నాళ్ళకో ఆ నవ్వు. పోయేటప్పుడు మాత్రం నాతో మెల్లగా అన్నాడు. "దీని నోరు ఎవలు తెరిసిన్రు? మంచిగ లేదు. మళ్ళ కట్టెయ్."

ఇంటికి వచ్చెయ్యమని అడిగాను. లొంగిపోతే జైల్లో పెడతారు, చంపరు కదా అన్నాను. ఆ మాట ఇంకోసారి అనొద్దన్నాడు.

జూన్ 16

బడి దారిలో మిలిటరీ క్యాంపు వాళ్ళు పిల్లలకు బిస్కెట్లు పంచుతున్నారు. సుగుణ మళ్ళీ పెదవి కొరుకుతోంది. లోపల నువ్వుగింజంత లేచింది.

జూన్ 19

గంజ్‌లో మిరపకాయ బండ్ల దగ్గర ఆయన్ను పట్టుకున్నారు. పొద్దున క్యాంపు జమేదారు, తెలుగు వచ్చిన ఇంకో మనిషి మా వీధికి వచ్చి సుగుణతో మాట్లాడారు. అప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చూడలేదు.

జూన్ 20

కొట్టలేదట. ఠాణాలో ఉంచారట. ప్రాణంతో ఉన్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, బియ్యం ఎసట్లో పోస్తున్నాను, పొగ, ఏమీ కనబడలేదు.

జూన్ 21

పొయ్యి దగ్గర ఉన్నాను.

జూన్ 24

పొయ్యి దగ్గర లేను. గడపలో ఉన్నాను.

జమేదారు అరుగు మీద కూర్చున్నాడు. మర్యాదగానే. తెలుగు మనిషి అడిగాడు. "మీ నాయిన ఎప్పుడస్తడు బిడ్డా? మేం ఏమనం. ఆయనకు పానం మంచిగ లేదట గద, దవాఖానకు కొంటవోతం."

సుగుణ నా వైపు చూసింది. దాని కింది పెదవి లోపలికి పోతోంది, పళ్ళు దాని మీదికి దిగుతున్నాయి. అది నా వేలు కోసం చూస్తోంది. వేలు పెదవి మీద పెడితే చాలు. చంపినా చెప్పదు ఆ పిల్ల. రక్తం వచ్చినా చెప్పదు.

నా చెయ్యి లేచింది. సగం దాకా లేచింది. ఆ తెల్ల మచ్చ గుర్తొచ్చింది. చెయ్యి దించేశాను. దించడమే కాదు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. కొరకొద్దు అని. అది నా ముఖం చూసి, పెదవి వదిలేసి, దూడ కథ చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. "మా నాయిన మిరపకాయ బండ్లతోటి అస్తడు. తలకు రుమాలు కట్టుకుంటడు. మా ఇంట్ల అంబలి తాగి పోతడు."

బండ్లు రావడానికి ఇంకా పొద్దుంది. ఊరి బయటికి ఎదురెళ్ళి చెప్పి ఉండవచ్చు. సుగుణను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ కూర్చున్నాను. చిక్కు లేని జుట్టును మళ్ళీ మళ్ళీ దువ్వాను. సంతలో అందరి ముందు కాల్చరు, అడవిలో అయితే కాల్చేస్తారు, ఇదే మంచిది, ఇదే మంచిది అనుకుంటూ.

దేని కోసం చేశాను? పిల్ల పెదవి కోసమా? ఆయన ప్రాణం కోసమా? ఎదురుచూపులతో విసిగి నా కోసమే చేసుకున్నానా? పిల్ల పెదవి కోసమే అని రాయబోయాను. ఆ పెదవి పేరు చెప్పి ఇప్పటికే చాలా చేశాను.

జూన్ 27

సుగుణ మాట్లాడటం మానేసింది. బడిలో పిల్లలు అన్నారట, మీ నాయనను నువ్వే పట్టిచ్చినవని. నువ్వుగింజ శనగగింజ అయింది.

జూలై 1

రేపు ఆయన్ను నల్గొండకు తీసుకుపోతారని, చూడాలంటే ఇవాళే రమ్మని కబురు వస్తే ఠాణాకు వెళ్ళాం. సుగుణ రానని గడప పట్టుకుంది. ఎత్తుకుని వెళ్ళాను.

కటకటాల వెనక నిలబడ్డాడు. దగ్గు తగ్గింది, గడ్డం తీశారు. పిల్లను చూసి వంగి చెయ్యి బయటికి చాచి తల నిమిరాడు. దానితోనే అడిగాడు, నన్ను కాదు.

"బండ్ల సంగతి బయటివాళ్ళకు తెల్వదు. ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

పిల్లను భయపెట్టాలని అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. సుగుణ నన్ను చూడలేదు. నేల చూసింది. పెదవి లోపలికి పోయింది.

"నేను చెప్పిన" అన్నాను.

"నువ్వా?"

"నేనే. మిరపకాయ బండ్లని, రుమాలని. అన్నీ నేనే చెప్పిన."

చాలాసేపు నన్ను చూశాడు. నేను ఆడిన మాటల్లో ఎక్కడైనా బీట కనబడుతుందేమోనని చూసినట్టుంది. కనబడలేదు, ఎందుకంటే లేదు. "మల్ల రాకు" అని గోడ వైపు తిరిగిపోయాడు. పిలిచాను. తిరగలేదు. ఆయన వెన్ను చూస్తూ నిలబడ్డాను, జవాను ఇక పొమ్మనేదాకా.

బజార్లో నడుస్తుంటే సుగుణ నా చెయ్యి లాగింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట.

"సిన్నమ్మా, నువ్వెందుకు అబద్దం చెప్పినవ్? నేను గద చెప్పింది."

"అబద్దం గాదు బిడ్డా. నువ్వు చెప్తుంటె నేను సూసిన. చెప్పమన్నట్టే సూసిన."

అది ఆగిపోయింది. ఎక్కం తప్పినప్పుడు ఆలోచించినట్టు ముఖం పెట్టింది. తర్వాత నా వేళ్ళు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అయితె ఇద్దరం చెప్పినం" అంది.

కాదు, నువ్వు కాదు, నేనొక్కదాన్నే అని చెప్పడానికి నోరు తెరిచాను. అది నా మాట కోసం ఆగకుండా, గాజుల దుకాణం చూసి, కోదాడలో గాజులమ్మే ఆమె గురించి మొదలుపెట్టింది.